ఆనియన్ కిలో

ముందే ఒప్పేసుకుంటాను. ఆ పేరు పలకడం నాకు వచ్చు. మొదటి రోజు నుంచీ వచ్చు. ఒన్యెక్వేలు. అంతే. నాలుక ఎక్కడా తట్టుకోదు. మూడేళ్లుగా మా అమ్మాయి సైవ్ రోజుకి పదిసార్లు అనే పేరు అది. "కోచ్ ఒన్యెక్వేలు ఇలా అన్నాడు, కోచ్ ఒన్యెక్వేలు అలా చేయమన్నాడు" అంటూ తింటున్నంతసేపూ అదే గోల. అయినా ఆ చలికాలమంతా రేడియోలో ఆ పేరు నోరు తిరగనట్టు నటించాను. జనం నవ్వారు. నాకు కావలసింది అదే.

మాది ఐర్లండులో డ్రాహెడా. రాసేటప్పుడు మధ్యలో ఒక 'ఘ' ఉంటుంది, పలికేటప్పుడు ఉండదు. ఇంగ్లండు వాళ్ళెవరైనా వచ్చి ఆ 'ఘ'ని పలికితే మా ఊళ్ళో మొహమ్మీదే నవ్వుతారు. నా ఇంటిపేరు గెరటీలోనూ అలాంటి 'ఘ' ఒకటి దాక్కుని ఉంది. ఊరి రేడియోలో శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి 'ఆటవిడుపు' అని ఒక కార్యక్రమం వస్తుంది. పదిహేనేళ్లుగా దాన్ని నడిపేది నేనే, ఫింటన్ గెరటీని. నా పక్కన మలకీ కూర్చుంటాడు. డెబ్బై దాటిన పాత గోల్‌కీపర్. ముందు పళ్ళు రెండు లేవు, వేళ్ళు ఒక్కటీ తిన్నగా లేదు.

ఆ నవంబరులో దేశం ఫుట్‌బాల్ జట్టు మేనేజర్‌ని, అంటే పెద్ద కోచ్‌ని, తీసేశారు. కొత్తాయన ఎవరన్నది డబ్లిన్‌లో ఎంతకీ తేలడం లేదు. రోజుకో పేరు పేపర్లో వచ్చేది, వారం తిరిగేసరికి ఆ పేరుగల పెద్దమనిషి నాకొద్దు మొర్రో అనేవాడు. మా ప్రోగ్రాం పనులన్నీ చూసుకునే గ్రాన్యా అనే అమ్మాయికి ఒక ఆలోచన తట్టింది.

"ఇప్పటి మేనేజర్ సంగతి వాళ్ళు చూసుకుంటారు. పదేళ్ల తర్వాత మేనేజర్ ఎవరు కావాలో మన వాళ్ళనే ఎన్నుకోమందాం. ఫోన్లు మోగుతాయి చూడు."

మోగాయి. వాళ్ళ మేనల్లుణ్ణి చెప్పినవాళ్ళున్నారు, చర్చి ఫాదర్‌ని చెప్పినవాళ్ళున్నారు. రెండో శనివారం డ్యులీక్ నుంచి ఒక పెద్దావిడ చేసింది.

"ఫిలొమీనా ట్యూట్‌ని మాట్లాడుతున్నాను బాబూ."

"చెప్పండి ఫిలొమీనా గారూ. ఎవరికిద్దాం ఉద్యోగం?"

"మన ఊరి అబ్బాయికే. పదహారేళ్లలోపు ఆడపిల్లల జట్టుకి ఆట నేర్పుతాడు. ఆ పిల్లల జెర్సీలు ఉతికేది నేనే, అందుకని నాకు తెలుసు. ఓడిపోయి వచ్చిన రోజు కూడా ఆ పిల్లల మొహాలు వాడిపోవు. అలాంటివాడు కావాలి మనకి. ఒబియోరా ఒన్యెక్వేలు."

ఆవిడకి ఎనభై దగ్గర పడ్డాయి. ఎక్కడా తడబడలేదు.

నేను కాయితం మీద పేరు రాసుకున్నాను, తప్పుల్లేకుండా. తలెత్తితే గాజుకి అవతల గ్రాన్యా ఆవులిస్తోంది. ఆ ఆవులింత నాకు నచ్చలేదు.

"ఓనీ... ఓనికె... ఆగండాగండి. ఆనియన్ కిలోనా? కిలో ఎంతమ్మా?"

మలకీ తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. గ్రాన్యా బల్ల మీద తల వాల్చేసి నవ్వింది. ఫిలొమీనా మాత్రం నేను సరిగ్గా వినలేదనుకుంది కాబోలు, "ఒన్యెక్వేలు బాబూ" అని మళ్ళీ నిదానంగా చెప్పింది. ఆవిడ ఫోన్ పెట్టేసేలోపే మూడు లైన్లు వెలిగాయి.

ఆ సాయంత్రం ఇంట్లో నా భార్య డెర్వ్లా సాసేజీలు వేయిస్తోంది. సైవ్ తడిజుట్టుతో వచ్చి నా ఎదురుగా కూర్చుంది. దానికి పదిహేనేళ్ళు. వాళ్ళమ్మలాగే, తగువు పెట్టుకునేటప్పుడు గొంతు తగ్గిస్తుంది.

"నాన్నా, నీకు ఆ పేరు వచ్చు కదా?"

"వచ్చు."

"మరి?"

"రేడియో తల్లీ అది. కాస్త తమాషా ఉండాలి."

"ఇంగ్లండులో నిన్ను గెరాగ్టీ అన్నారని ప్రతి క్రిస్మస్‌కీ చెప్తావు. అదీ తమాషాయేనా?"

డెర్వ్లా పెనం మీంచి కళ్ళు తిప్పి నన్ను చూసింది. పదిహేడేళ్లప్పుడు అక్కడొక క్లబ్బులో రెండేళ్లు ఉన్నాను. అక్కడి కోచ్ నన్ను చివరి రోజుదాకా గెరాగ్టీ అనే పిలిచాడు. నేను మొదటి వారంలోనే సరిదిద్దాను. మిగతా వాళ్ళు నవ్వుతారని అతను కావాలనే అలా పిలుస్తున్నాడని నాకు రెండో వారానికే అర్థమైంది.

"అది వేరు," అన్నాను.

ఎలా వేరని సైవ్ అడగలేదు. ప్లేటు తీసుకుని వెళ్ళి టీవీ ముందు కూర్చుంది.

డిసెంబరొచ్చేసరికి ఆ తమాషా నా చేతుల్లోంచి జారిపోయింది. జారిపోయిందని ఇప్పుడంటున్నాను గానీ, అప్పుడు దాన్ని చూసి మురిసిపోయాను. గ్రాన్యా ఒక చిన్న బాణీ కట్టించింది. ముందు కత్తితో ఉల్లిపాయ తరుగుతున్న చప్పుడు, తర్వాత ఎవరో వెక్కివెక్కి ఏడవడం, ఆ పైన నా గొంతు, "ఆనియన్ కిలో!" అని. ఊళ్ళో కూరగాయల కొట్టాయన ముందుకొచ్చి, ఫోన్ చేసి ఆ పేరు పలకబోయిన ప్రతివాళ్ళకీ కిలో ఉల్లిపాయలు ఉచితమన్నాడు. జనం పోటీలు పడి పేరుని నలిపేవాళ్ళు. ఎంత వంకరగా అంటే అంత నవ్వు. ఓట్లు కూడా కుప్పలుగా పడ్డాయి. క్రిస్మస్ నాటికి పదేళ్ల తర్వాతి మేనేజర్ల జాబితాలో అతనే అందరికంటే పైన ఉన్నాడు.

"చూశావా," అన్నాను సైవ్‌తో, "మీ కోచ్‌కి మేలే చేశాను. ఊరంతా అతని పేరే."

"అతని పేరు కాదు నాన్నా. నువ్వు పెట్టిన పేరు."

ఒబియోరా సంగతి చెప్పాలి. తొమ్మిదేళ్లప్పుడు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని నైజీరియా నుంచి వచ్చాడు. ఇప్పుడు ముప్ఫై అయిదుంటాయి. పగలు కరెంటు పని చేస్తాడు. మాట్లాడితే మా ఊరి యాస నాకంటే చిక్కగా వస్తుంది. పిల్లల మీద అరవడు. తప్పు చేసిన పిల్లని పక్కకి పిలిచి, ఒక మోకాలు నేలకి ఆనించి, చెవిలో ఏదో చెప్తాడు. ఆ పిల్ల పరిగెత్తుకుంటూ వెళ్ళి రెట్టింపు ఆడుతుంది. ఇవన్నీ నేను మైదానం గీత పక్కన నిలబడి మూడేళ్లు కళ్ళారా చూసినవే. రేడియోలో ఒక్కటంటే ఒక్కటి చెప్పలేదు.

జనవరి మూడో ఆదివారం పక్క ఊళ్ళో మ్యాచ్. ముఖాన సూదులు గుచ్చినట్టు వాన. నేను కారు నిలిపి వచ్చేసరికి అవతలి జట్టు పిల్లల తల్లిదండ్రులు కొందరు నన్ను గుర్తుపట్టి బొటనవేళ్ళు పైకెత్తారు. ఎందుకో అర్థం కాలేదు. మా పిల్లలు కూర్చునే బెంచీ వైపు చూశాక అర్థమైంది. నారింజరంగు వలసంచీలో ఉల్లిపాయలు కిలో, బెంచీ మధ్యలో పెట్టి ఉన్నాయి. ఒబియోరా దాని పక్కనే వంగి, బంతుల్లో గాలి చూసుకుంటున్నాడు. సంచీని ముట్టుకోలేదు, చూడలేదు. వాళ్ళమ్మ గొడుగు పట్టుకుని అతని వెనక నిలబడి ఉంది. పొట్టి మనిషి, ప్రతి మ్యాచ్‌కీ వస్తుంది. నావైపు చూసి తలూపింది, ఎప్పుడూ ఊపినట్టే.

"ఆనియన్ కిలో! ఆనియన్ కిలో!" అవతలి జట్టు వాళ్ళలో నలుగురు మగవాళ్ళు చప్పట్లు కొడుతూ అందుకున్నారు. నా బాణీయే. ఏడుపుతో సహా.

మా పిల్లలు ఒళ్ళు వేడెక్కడానికి పరుగులు తీస్తున్నారు. సైవ్ వరసలోంచి బయటికొచ్చింది. బెంచీ దగ్గరికెళ్ళి సంచీ తీసుకుంది. మైదానానికి అడ్డంగా, బురదలో, అందరూ చూస్తుండగా నడుచుకుంటూ వచ్చి దాన్ని నా బూట్ల ముందు పెట్టింది.

"ఇవి నీవి నాన్నా."

అని తిరిగి వెళ్ళిపోయింది. చప్పట్లు ఆగిపోయాయి. నా పక్కనున్న ఒకాయన గొంతు సవరించుకుని నాలుగడుగులు దూరం జరిగాడు. మ్యాచ్ అయ్యేదాకా ఆ సంచీ పక్కనే నిలబడ్డాను. వదిలేసి వెళ్ళలేను, చేత్తో పట్టుకోనూ లేను. ఇంటికి తెచ్చాక డెర్వ్లా దాన్నీ నన్నూ చూసి, ఏమీ అడగకుండా తీసుకెళ్ళి పెరటిగుమ్మం దగ్గర పెట్టింది. వంటలో వాడలేదు. తిరిగొచ్చేటప్పుడు సైవ్ నా పక్కసీటులో కూర్చోలేదు. వెనక కూర్చుంది, కిటికీ వైపు తిరిగి.

ఆపేద్దామనే అనుకున్నాను. నిజంగా. సోమవారం పొద్దున్నే గ్రాన్యా దగ్గరికెళ్ళి ఆ మాటే చెప్పాను.

"ఇప్పుడా? వచ్చే శనివారం అతనే స్టూడియోకి వస్తున్నాడు!" అంది. "నేను పిలిచాను. మహా మర్యాదస్థుడు, వెంటనే ఒప్పుకున్నాడు. ఉల్లిపాయల కొట్టాయన ఈస్టర్ దాకా ప్రోగ్రాంకి సొమ్ము కడతానన్నాడు. ఆపడమేంటి ఫింటన్?"

"సరే, అయితే ఈసారి పేరు సరిగ్గా పలుకుతాను."

"పలుకు. కానీ చివర్లో పలుకు. ముందే పలికేస్తే ఇంకేముంటుంది?"

చివర్లో అన్నమాట. సరే అనుకున్నాను.

ఒబియోరా ఇస్త్రీ చేసిన చొక్కాతో వచ్చాడు. చేతిలో ఒక కాయితం. డబ్లిన్‌లో ఒక పెద్ద శిక్షణాలయం వాళ్ళు ఆడపిల్లలకి హెడ్ కోచ్ కోసం చూస్తున్నారనీ, ఈ నెలాఖరున తనకి ఇంటర్వ్యూ ఉందనీ, పదహారేళ్లు దాటగానే ఆడపిల్లలు ఆట ఎందుకు మానేస్తున్నారో నాలుగు మాటలు చెప్పాలనుందనీ అన్నాడు. ఆ నాలుగు మాటలు కాయితం మీద రాసుకొచ్చాడు. ఎర్రలైటు వెలిగింది.

"మనతో ఇవాళ ఎవరున్నారో తెలుసా? పదేళ్ల తర్వాతి మన మేనేజర్! మిస్టర్... ఓని... ఓనికా..."

"ఒన్యెక్వేలు," అన్నాడతను నవ్వుతూ. "తేలికే. ఒన్యె. క్వేలు. 'ఎవరు నమ్మి ఉంటారు' అని అర్థం. మా తాత పుట్టినప్పుడు పెట్టిన పేరు. బతకడనుకున్నారట."

ఇంతకంటే మంచి అదను ఎవరిస్తారు? నోరు తెరిస్తే చాలు, ఆ పేరు దానంతటదే వచ్చేది. గాజు అవతల గ్రాన్యా రెండు చేతులూ పైకెత్తి, ఊఁ, ఊఁ, అన్నట్టు ఊపుతోంది. నోరు తెరిచాను.

"ఆనియన్... అబ్బే, కళ్ళలో నీళ్ళొస్తున్నాయండీ, నావల్ల కాదు!"

"ఒన్యెక్వేలు," అన్నాడు మలకీ.

చిన్నగా, పక్కనెవరితోనో అన్నట్టు అన్నాడు. పళ్ళు లేని నోటితో, చక్కగా.

"మలకీకి పళ్ళు అడ్డం లేవు కదా, అందుకే జారింది!" అన్నాను. గ్రాన్యా ఏడుపు బాణీ వేసింది.

మిగతా పది నిమిషాల్లో ఆ కాయితం అతను విప్పనే లేదు. నేను విప్పనివ్వలేదు. బయటికొచ్చాక వరండాలో అతని కోటు నేనే తీసి అందించాను. అతను చేతులు దూర్చుకుంటూ అన్నాడు.

"పోయిన ఆగస్టులో సైవ్ మణికట్టు విరిగినప్పుడు మీరు నాకు ఫోన్ చేశారు, గుర్తుందా?"

"ఆఁ."

"'మిస్టర్ ఒన్యెక్వేలు గారేనా' అన్నారు. మా అమ్మ పక్కనే ఉంది. ఎవర్రా ఆయన, ఎంత చక్కగా అన్నాడూ, అంది. మీ పేరు చెప్పాను."

అతను కోటు గుండీలు పెట్టుకున్నాడు. కోపంగా లేడు. కోప్పడి ఉంటే నాకు తేలికయ్యేది.

"సైవ్‌కి కాళ్ళకి కట్టుకునే షిన్‌ప్యాడ్లు కొత్తవి కొనండి," అన్నాడు తలుపు దగ్గర. "ఎడమదానికి చీలిక వచ్చింది. దెబ్బ తగులుతుంది."

ఆ ఉద్యోగం అతనికి రాలేదు. ఫిబ్రవరి చివర్లో సైవ్ చెప్పింది. నాతో కాదు, వాళ్ళమ్మతో, నాకు వినపడేలా.

"ప్రాక్టీసులో మేమే అడిగాం. లోపలికెళ్ళగానే 'ఆ ఉల్లిపాయల ఆయన మీరేనా' అన్నారట. ఆయనా నవ్వాడట, ఏం చేస్తాడు? తర్వాత అరగంట ఏం చెప్పినా వాళ్ళు అదే నవ్వుమొహంతో విన్నారట."

"వేరేవాళ్ళు ఇంకా అనుభవం ఉన్నవాళ్ళు వచ్చి ఉండొచ్చు," అన్నాను.

"ఉండొచ్చు," అంది సైవ్. "నీ వల్లేనని ఆయన అనలేదు. నేనంటున్నాను."

ఆ మర్నాటి నుంచి అది మ్యాచ్‌లకి వాళ్ళమ్మతో వెళ్ళడం మొదలుపెట్టింది. అంతకు ముందు కారులో ఎంత దూరమైనా మాటలే మాటలు. ఎవరు ఎవరికి బంతి ఇవ్వలేదో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో అన్నీ నాకే చెప్పేది. ఇప్పుడు వంటింట్లో ఎదురుపడితే పక్కకి తప్పుకుని దారి ఇస్తుంది, బస్సులో పరాయివాళ్ళకి ఇచ్చినట్టు.

మార్చి మొదటి వారంలో దేశానికి కొత్త మేనేజర్ దొరికాడు. చెక్ దేశస్థుడు. హ్రెబీచెక్. ఆ ఇంటిపేరులో 'ర'కీ 'జ'కీ మధ్య ఏదో శబ్దముంది, మాకెవరికీ రాదు. మంగళవారం పొద్దున గ్రాన్యా అందరికీ ఒక కాయితం పంచింది. ఆ పేరు ఎలా పలకాలో విడగొట్టి రాసి, కింద ఎర్రసిరాతో గీత గీసింది. "దీంట్లో తప్పు వస్తే పరువు పోతుంది. దేశం మేనేజర్ ఈయన."

నేను బుద్ధిగా నేర్చుకున్నాను. బేకరీలో పనిచేసే బ్లాంకాది ఆ దేశమే. పళ్ళు దగ్గరికి చేర్చి, నాలుక కొన అదిలించి చూపించింది. రెండు రోజులు కారులోనూ, స్నానాలగదిలోనూ అదే పని. శనివారం పన్నెండింటికి ఎర్రలైటు వెలగగానే దోషం లేకుండా పలికాను. నవన్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. చెక్ ఆయన, పదకొండేళ్లుగా ఇక్కడే ఇళ్ళకి పెంకులు వేస్తున్నాడట.

"మా పేరు ఇలా పలికినవాళ్ళని ఈ దేశంలో మొదటిసారి వింటున్నాను," అన్నాడు. "మీకు దండాలండీ. మీది పెద్దమనసు."

గ్రాన్యా గాజు మీద చప్పట్లు కొట్టింది. నాకు చెవులు కాలిపోయాయి.

కార్లు పెట్టేచోట మలకీ నా కోసం ఆగి ఉన్నాడు.

"ఏరా ఫింటన్, ఆ చెక్ ఆయన పేరు రెండు రోజుల్లో వచ్చింది. మన ఊరివాడి పేరు నాలుగు నెలలైనా రాలేదే?"

"వచ్చు మలకీ."

"నీకొచ్చని నాకు తెలుసు. నీ నోట విందామనే అడిగాను." సిగరెట్టు వెలిగించుకోబోయి మానేశాడు. "నేనూ మంచివాణ్ణేం కాదులే. మొదటి రోజు అందరికంటే గట్టిగా నవ్వింది నేనే."

మరుసటి శనివారం క్షమాపణ చెప్పాను. గ్రాన్యాకి ముందు చెప్పలేదు, చెబితే ఒప్పుకునేది కాదు. కార్యక్రమం మొదలవగానే అతని పేరు పూర్తిగా, స్పష్టంగా పలికాను. మొదటినుంచీ నాకు వచ్చనీ, నవ్వుల కోసం రానట్టు నటించాననీ, ఇంగ్లండులో నాకు జరిగిందే నేను ఇంకొకరికి చేశాననీ చెప్పాను. గొంతు బొంగురుపోయింది. అక్కడ మాత్రం నటించలేదు. లైన్లు వెలిగాయి.

"అంత ఏడవాల్సిందేముందయ్యా? ఏదో సరదాకి అన్నావు."

"మీ నాన్న ఉంటే నవ్వి ఊరుకునేవాడు."

"అయితే ఇక ఉల్లిపాయలు ఇవ్వరా?"

ఒక్క ఫిలొమీనా మాత్రం, "ఇప్పుడైనా చెప్పావు," అని పెట్టేసింది. నాలో ఏదో బరువు దిగినట్టయింది. ఇంటికి వెళ్తూ దారిలో పువ్వులు కూడా కొన్నాను డెర్వ్లాకి.

ఆవిడ పువ్వులు నీళ్ళలో పెడుతూ అడిగింది. "ఆ క్షమాపణ ఎవరికోసం చెప్పావు?"

"అతని కోసమే. ఇంకెవరికోసం?"

"మరి అతని ఇంటికెళ్ళి చెప్పలేదేం? నాలుగు వీధులేగా."

అంతలో నా ఫోన్ మోగింది. ఒబియోరా మెసేజ్. ఇప్పటికీ నా దగ్గరుంది.

"గెరటీ గారికి. విన్నాను. మధ్యాహ్నం నుంచి పనిచేసే చోట అందరూ దాని గురించే అడుగుతున్నారు. దయచేసి ఇక నా పేరు రేడియోలో ఎత్తకండి. సరిగ్గా పలికి కూడా ఎత్తకండి. నన్ను కోచ్‌గానే ఉండనివ్వండి."

రెండుసార్లు చదివి ఫోన్ డెర్వ్లాకి ఇచ్చాను. ఆమె చదివి సైవ్‌కి ఇచ్చింది. సైవ్ చదివి బల్ల మీద పెట్టింది, మెల్లగా.

"నాన్నా, మ్యాచ్‌లకి రావాలనుంటే రా," అంది. "అవతలి వైపు నిలబడు. మా వాళ్ళ వైపు వద్దు."

సరేనన్నాను. అది నాతో మూడు వారాల్లో అన్న మొదటి మాట. దానికే సంతోషించాను, చూడండి.

ఏప్రిల్ ఆఖరి ఆదివారం ఆ ఏటికి చివరి మ్యాచ్. అవతలి వైపు, అవతలి జట్టు వాళ్ళకీ కాస్త ఎడంగా నిలబడ్డాను. ఎండ కాస్తోంది గానీ గాలి చల్లగా ఉంది. రెండో సగం మొదలయ్యాక ఒబియోరా వాళ్ళమ్మ గోల్‌పోస్టు వెనకనుంచి చుట్టూ తిరిగి నావైపు రావడం చూశాను. పారిపోదామనిపించింది. యాభై రెండేళ్లవాణ్ణి.

పక్కన వచ్చి నిలబడి, ఆట వైపే చూస్తూ మాట్లాడింది.

"నేను పనిచేసేది వృద్ధాశ్రమంలో. మీకు తెలుసా?"

"తెలీదండి."

"శనివారం పన్నెండయ్యేసరికి వాళ్ళందరికీ మీ గొంతు వినపడాలి. ఆ రోజు మా వాడు మాట్లాడతాడని నేనే అందరికీ చెప్పుకున్నాను. కుర్చీలన్నీ రేడియో దగ్గరికి లాక్కున్నారు. ఒకావిడ అయితే జుట్టు దువ్వించుకుని వచ్చి కూర్చుంది, వాడికి కనపడతానన్నట్టు." ఆగింది. "మీరు అన్నదానికి వాళ్ళూ నవ్వారు. పాపం, నేను పక్కనే ఉన్నానన్నది మర్చిపోయారు. టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను."

నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను.

"అప్పట్నుంచి రేడియో పెట్టడం లేదు. పాడైందని చెప్పాను. పాడవలేదు, అల్మారాలో తువ్వాళ్ళ కింద ఉంది. ఎందుకు పెట్టట్లేదో చెప్పాలంటే మీ గురించి చెప్పాలి కదా. వాళ్ళకి మీరంటే ప్రాణం. తొంభయ్యేళ్ల వాళ్ళు, వాళ్ళకి ఇష్టమైనవి ఇంకెన్ని మిగిలాయని? అది కూడా నేను తీసేయడమెందుకు?"

"అమ్మా, నేను..."

"వద్దు," అంది. కసిరినట్టు కాదు. "ఒక్కటే అడగడానికొచ్చాను. వచ్చే శనివారం బాగు చేయించానని చెప్పి రేడియో పెడతాను. మా వాడి మాట మీరు ఎత్తరు కదా?"

"ఎత్తనండి."

"సరే అయితే."

వచ్చిన దారినే, గోల్‌పోస్టు వెనకగా, తనవాళ్ళ వైపు వెళ్ళిపోయింది. మైదానంలో విజిల్ ఊదారు. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి అరుస్తున్నారు. గెలిచారో లేదో నేను చూడలేదు. ఆ గుంపులోంచి సైవ్ ఒకసారి తలెత్తి ఇటు చూసింది. చెయ్యి ఊపాలనిపించింది. ఊపితే తనకి ఇష్టమవుతుందో కాదో తేల్చుకోలేక, జేబులోంచి తీయలేదు.